పలుపు విప్పిన చాలునా?

మహాభారతము ఆదిపర్వమునందలి ఖాండవ దహన ఘట్టమును బోధించునపుడు ఏటేటా ఎవరో ఒక విద్యార్థి లేచి నన్నొక ప్రశ్న అడుగుచుండును: "మాస్టారూ, అడవంతా తగలబడితే అందులో ఉన్న పిట్టలూ జంతువులూ ఏమైనట్టు?" కృష్ణార్జునుల పరాక్రమమును గూర్చియు, అగ్నిదేవుని ఆకలిని గూర్చియు నేనెంత చెప్పినను ఆ పిల్లవాని మనస్సు ఆ పిట్టల కడనే నిలిచియుండును. ఆ ప్రశ్నను నేనెన్నడును కొట్టివేయలేదు. ఏలయన భారతకర్తయే దానిని కొట్టివేయలేదు. అంతటి దహనకాండ నడుమ మందపాలోపాఖ్యానమును నిలిపి, ఒక తల్లిపిట్ట గుండెకోతను మనకు వినిపించినాడు. మన నన్నయయు దానిని విడువక తెనిగించినాడు.

జరిత అను ఆ తల్లికి ఇంకను రెక్కలు రాని నలుగురు పిల్లలు. తండ్రి చెంత లేడు. మంట దగ్గరకు వచ్చుచున్నది. ఎలుక కలుగులో దూరుడు, పైన మన్ను కప్పెదనని తల్లి యనును. కలుగులోని ఎలుక తినివేయును, అంతకంటె నిప్పున పడుటయే మేలు, నీవైనను ఎగిరిపొమ్మని పిల్లలందురు. ఎగురగల తల్లి, ఎగురలేని పిల్లలు, నిమిష నిమిషమునకు సమీపించు అగ్ని. చివరకు అగ్నిదేవుడు పిల్లల స్తోత్రమును విని వారిని విడిచిపెట్టెను. కాని పురాణములోని అగ్ని స్తోత్రమును వినును. లోకములోని అగ్ని వినదు.

మనమింట పెంచుకొను ఆవు, దూడ, కుక్క, పిల్లి, పంజరములోని పక్షి, ఇవియన్నియు ఎంత పెరిగినను రెక్కలు రాని పిల్లలే. అడవిలోని లేడికి పొగవాసన సోకిన మరుక్షణము కాళ్లే రక్ష. ఇంటి జంతువునకు ఆ స్వేచ్ఛ లేదు. దాని మెడకు పలుపు వేసినది మనము. తలుపు మూసినది మనము. మేత కొరకును దిక్కు కొరకును మనవైపు చూచుటకు అలవాటు చేసినది మనము. పారిపోవు శక్తిని దానినుండి మనమే పుచ్చుకొంటిమి. కావున ఆపద వచ్చినపుడు దానికి బదులుగా పారిపోవు ఉపాయమును ముందుగానే ఆలోచించి పెట్టుకొనవలసిన బాధ్యత మనదే. ఈ మాట వినుటకు తేలికగనే యుండును. దీని బరువు నాకు చిన్ననాడే తెలిసినది.

నాకు పదేండ్ల ప్రాయమున మా ఊర జరిగిన అగ్నిప్రమాదము నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. వైశాఖ మాసము. తాటాకు ఇండ్లు, పెరళ్లలో గడ్డివాములు, మిట్టమధ్యాహ్నపు వడగాలి. ఎవరి పొయ్యిలోని నిప్పురవ్వ ఎగసినదో గాని, చూచుచుండగనే మా వీధి యంతయు అంటుకొనినది. మా తండ్రిగారు పొలమున నుండిరి. అమ్మ ట్రంకుపెట్టెను వాకిటిలోనికి ఈడ్చుచుండెను. మా నాయనమ్మ నన్ను చూచి, "ఒరేయ్, దూడను విప్పరా!" అని కేకవేసినది. నేను పశువులపాకలోనికి పరుగెత్తి గుంజ నుండి పలుపు విప్పితిని. నా పని తీరినదనుకొని, చెరువునుండి బిందెలతో నీళ్లు మోయుచున్న పెద్దలను చూచుటకు వీధిలోనికి పోయితిని.

ఆవు మందతో మేతకు పోయియుండెను. దూడ వాకిలి దాక వచ్చినదట. కేకలకును పొగకును బెదరి, తల్లి ప్రతిదినము తన యొద్దకు వచ్చు చోటు అదియే గనుక, తిరిగి ఆ పాకలోనికే పోయినది. ఆ సాయంకాలము మంద తిరిగి వచ్చినపుడు ఆవు బూడిదకుప్ప యెదుట నిలిచి ఎంతసేపు అరచినదో నేను చెప్పజాలను. నాయనమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. "విప్పావు సరే, తోలావా?" అని మాత్రమే అడిగినది.

ఆ ప్రశ్న సముద్రములు దాటి 2025 జనవరిలో నాకు మరల వినబడినది. ఆ నెల 7వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజెలిస్ పరిసరములందు, శాంటా ఆనా యని పిలువబడు పొడిగాలులు కొండలమీదినుండి ప్రచండముగా వీచుచుండగా, పాలిసేడ్స్, ఈటన్ అను రెండు కార్చిచ్చులు ఒకే దినమున పుట్టి వేలకొలది ఇండ్లను భస్మము చేసినవి. నా పూర్వ విద్యార్థి యొకడు భార్యాబిడ్డలతో ఆ ప్రాంతముననే కాపురముండుట నెరిగి, క్షేమ మరయుటకు ఫోను చేసితిని. అందరు సురక్షితముగా బయటపడిరి; ఇల్లును నిలిచినది. కాని అతని కంఠములో వణకు తగ్గలేదు. వారింట ఒక పిల్లి కలదు. బయలుదేరవలసినదని హెచ్చరిక వచ్చిన వెంటనే భార్యయు పిల్లలును కారులో కూర్చుండిరి. పిల్లి మాత్రము బట్టలుతుకు యంత్రము వెనుక దూరి బయటకు రాదాయెను. దానిని పట్టి పెట్టెలో పెట్టుటకు ఇరువది నిమిషములు పట్టినవి. "పెట్టె కొన్నాను మాస్టారూ, అటక మీద పెట్టాను. దానికి అలవాటు మాత్రం చెయ్యలేదు" అని అతడనెను. విప్పితిని గాని తోలలేదని నేనేనాడో చేసిన తప్పే అది. ఆ ఇరువది నిమిషములలో గాలి దిశ మారియుండినచో ఏమగునో తలచుకొనుటకే భయము కలుగును.

ఇట్టి ఆపదలకు కాలిఫోర్నియా రాష్ట్రము నేడు పెద్ద బడి వంటిదైనది. ఆ పాఠములు కష్టపడి నేర్చినవి. 2018 నవంబరు 8వ తేదీ ఉదయమున, బ్యూట్ కౌంటీలో పుట్టిన క్యాంప్ ఫైర్ అను కార్చిచ్చు కొన్ని గంటలలోనే పారడైజ్ అను కొండ పట్టణమును చుట్టివేసినది. 85 మంది మరణించిరి. పదునెనిమిది వేలకు పైగా కట్టడములు కాలిపోయినవి. పట్టణమునుండి దిగివచ్చు దారులు కొద్ది. అన్నిటిని ఒకేసారి కార్లు నింపివేసినవి. పనులమీద ఇల్లు విడిచి పోయినవారు పెక్కుమంది తమ జంతువులకొరకు వెనుకకు పోవుటకు వీలులేకపోయెను.

ఆ ఊరిలో కాలిపోయిన ఒక ఇంటి యొద్ద మ్యాడిసన్ అను కావలికుక్క యొకటి దాదాపు నెల దినములు కాచుకొనియుండెను. యజమానురాలికి లోనికి పోవ అనుమతి లేదు. జంతురక్షణకు పూనుకొనిన ఒకామె దానికొరకు అక్కడ ఆహారమును నీళ్లను ఉంచుచు వచ్చినది. చివరకు దారి తెరచి యజమానురాలు పోయి చూచునప్పటికి కుక్క తన ఇంటి శిథిలములయొద్దనే యున్నది. ఈ కథను చెప్పి మనము కుక్క విశ్వాసమును మెచ్చుకొందుము. మెచ్చవలసినదే. కాని నాకందులో మరియొకటి కానవచ్చుచున్నది. ఇల్లు లేకపోయినను ఇంటి చోటును విడువకుండుట దాని స్వభావము. నిన్న దానిని రక్షించిన గుణమే మంట వచ్చిన నాడు దానిని చంపు గుణమగును. నా దూడయు అట్లే పాకలోనికి తిరిగిపోయినది.

దీనికి ఇంకను కఠినమైన నిదర్శనము 2017 డిసెంబరు 7న జరిగినది. శాన్ డియేగో కౌంటీలో లైలాక్ ఫైర్ అను కార్చిచ్చు శాన్ లూయిస్ రే డౌన్స్ అను పందెపు గుఱ్ఱముల శిక్షణ కేంద్రముపై విరుచుకుపడినది. అక్కడ వందలకొలది గుఱ్ఱములుండెను. పొగలో, నిప్పురవ్వల వానలో, అక్కడి పనివారును శిక్షకులును ప్రాణములకు తెగించి సాలల తలుపులు తెరచి గుఱ్ఱములను విడిచిపెట్టిరి. చాల గుఱ్ఱములు బ్రతికినవి. వానిని డెల్ మార్ అను పందెపు మైదానమునకు చేర్చిరి. కాని 46 గుఱ్ఱములు చనిపోయినవి. విడిచిన గుఱ్ఱములలో కొన్ని బెదరి, తమకు తెలిసిన ఒకే ఒక ఆశ్రయము గనుక, మండుచున్న సాలలలోనికే తిరిగి పరుగెత్తినవని చూచినవారు చెప్పిరి. అందుచేతనే జంతువును బయటకు తెచ్చిన పిదప సాల తలుపు తిరిగి మూయవలెనని ఆ దేశమున బోధించుచున్నారు. ఈ ఒక్క మాట మా ఊరిలో ఆనాడు నాకెవరైన చెప్పియుండినచో ఎంత బాగుండెడిది!

"మనుష్యులే చనిపోవుచుండగా పిల్లులను గూర్చియు గుఱ్ఱములను గూర్చియు వ్యాసమా?" అని అడుగువారుందురు. అది న్యాయమైన ప్రశ్నయే. మొదట మనుష్యుడు, పిమ్మట జంతువు. ఈ క్రమమును నేను కాదనను. మండుచున్న ఇంటిలోనికి పిల్లికొరకు తిరిగి పోవలదని నేనే చెప్పుదును. అట్లు పోయినవాని ప్రాణమే గాక, వానిని రక్షింపబోవు అగ్నిమాపక సిబ్బంది ప్రాణమును ఆపదలో పడును. కాని లోకానుభవమేమనగా, ముందు ఏర్పాటు లేనిచోట మనుష్యుడు ఆ క్రమమును పాటింపడు. తన జంతువును విడిచి కదలడు.

2005 ఆగస్టు చివర కత్రినా తుపాను న్యూ ఆర్లియన్స్ నగరమును ముంచినపుడు ఈ సంగతి బయటపడినది. రక్షించు పడవలలోను బస్సులలోను జంతువులను ఎక్కింపమనిరి. కుక్కను విడువలేక మునిగిన ఇండ్లలోనే నిలిచిపోయినవారెందరో. బస్సు ఎక్కుచున్న ఒక బాలుని చేతులనుండి స్నోబాల్ అను చిన్న కుక్కను లాగివేసిరనియు, వాడు వాంతియగునంతగా ఏడ్చెననియు వచ్చిన పత్రికావార్త ఆ దేశమును కదిలించినది. మరుసటి ఏట, 2006 అక్టోబరులో, అక్కడ ఒక చట్టము వచ్చినది. రాష్ట్రములును స్థానిక ప్రభుత్వములును ఆపత్కాల ప్రణాళికలు వేసికొనునపుడు పెంపుడు జంతువులున్న కుటుంబములను గూడ లెక్కలోనికి తీసికొనవలెనని దాని సారాంశము. అది జాలి పుట్టించిన చట్టమని కొందరందురు. మనుష్యులను కదలించుటకు అదియే మార్గమని తెలిసికొనిన వివేకము పుట్టించిన చట్టమని నేననుకొందును.

ఇందు క్రొత్త యేమున్నది? తిక్కన తెనిగించిన మహాప్రస్థానిక పర్వమున ధర్మరాజు చేసినదేమి? స్వర్గద్వారమున ఇంద్రుడు రథమెక్కుమనినపుడు, వెంట వచ్చిన కుక్కను విడిచి రానని నిలిచిపోయెను. తన్ను నమ్మి వెంటవచ్చినదానిని విడుచుట పాపమనుట ఆయన వాదము. ఆ కథను మనము తరతరములుగా పూజాభావముతో చదువుచున్నాము. పడవ యెక్కనని మొండికేసిన న్యూ ఆర్లియన్స్ వృద్ధునియందును అదే ధర్మము పనిచేసినది. కాని ధర్మరాజు ముందున్నది స్వర్గము. ఆ వృద్ధుని ముందున్నది మృత్యువు. ధర్మమునకును ప్రాణమునకును నడుమ ఎన్నుకొనుడని ఏ మానవుని అడుగరాదు. అట్లడుగవలసిన అవసరము రాకుండ ముందుగా ఏర్పాటు చేసికొనుటయే నాగరికత.

ఆ ఏర్పాటు ఎట్టిదో చూతము. అందు గొప్ప శాస్త్రమేమియు లేదు, ఓపికయే యున్నది. కాలిఫోర్నియాలో హెచ్చరికలు రెండు మెట్లలో వచ్చును. మొదటిది "వార్నింగ్", అనగా సిద్ధముకండు, ఆపద రావచ్చుననుట. రెండవది "ఆర్డర్", అనగా తక్షణము వెడలిపొండనుట. జంతువులున్నవారు రెండవదానికొరకు కూర్చుండక మొదటిదానికే బయలుదేరవలెనని అక్కడి అధికారులు స్పష్టముగా చెప్పుదురు. గుఱ్ఱమును బండికెక్కించుటకును, పిల్లిని మంచము క్రిందినుండి తీయుటకును కాలము పట్టును. ఆ కాలమును మంటనుండి అప్పు తెచ్చుకొనజాలము, ముందే కూడబెట్టుకొనవలెను.

పిల్లికి పెట్టె అలవాటు చేయుట మరియొకటి. పెట్టెను అటకపై నుంచక, ఇంటిలో ఒక మూల తలుపు తెరచి యుంచి, అప్పుడప్పుడు అందే తిండి పెట్టినచో అది దానికి బోను గాక గూడగును. పొగ వార్త వినగానే పిల్లిని ఒక గదిలో పెట్టి తలుపు మూసినచో వెదుకు బాధ తప్పును. ఎంత సాధువైన కుక్కయైనను భయము పుట్టినపుడు పరుగెత్తును గనుక మెడపట్టీయు త్రాడును తప్పవు. పక్షుల ఊపిరితిత్తులు మిక్కిలి సుకుమారములు. మనకు దగ్గు రాకమునుపే పొగ వానిని క్రుంగదీయును. కావున వానిని ముందుగా తరలింపవలెను. గుఱ్ఱముల ముఖమునకు నైలాన్ తాళ్లు వాడరాదు; వేడికి కరగి చర్మమునకు అంటుకొనును. తోలువియో నూలువియో మేలు.

జంతువు తప్పిపోయినచో మరల మనలను చేరుటకు గుర్తు కావలెను. మెడపట్టీకి ఫోను నంబరుగల బిళ్ల ఒకటి. చర్మము క్రింద వడ్లగింజంత మైక్రోచిప్ రెండవది. ఈ రెండవదానిని గూర్చి ఒక పొరపాటు అభిప్రాయము కలదు. జంతువెక్కడనున్నదో అది చెప్పదు. పరికరముతో చూచిన ఒక సంఖ్య కానవచ్చును, అంతే. ఆ సంఖ్య కెదురుగా మన చిరునామా, ఫోను నంబరు సరిగా నమోదై యున్నప్పుడే అది పనికివచ్చును. ఇల్లు మారి నంబరు మార్చనివారి చిప్పు, పాత చిరునామాకు వ్రాసిన ఉత్తరము వంటిది. జంతువుతో కలిసి మనము తీయించుకొనిన ఫోటో, టీకాల కాగితములు, మందులు, కొన్నిదినముల తిండి, నీళ్లు, ఇవి ఒక సంచిలో సిద్ధముగా నుండవలెను. మనము ఇంటలేని వేళ ఆపద వచ్చినచో తలుపు తీయుటకు తాళపుచెవిగల పొరుగువాడొకడు ఉండవలెను. వీనియన్నిటిలో ఈ చివరిదియే ముఖ్యమని నా యభిప్రాయము. పారడైజ్‌లో పెక్కుజంతువులకు కరవైనది ప్రేమగల యజమాని కాదు; ఆ ఉదయమున ఇంట నున్న మనుష్యుడు.

పెద్ద జంతువులను తరలించుట అసాధ్యమైనపుడు, ఎండుగడ్డియు చెత్తయు లేకుండ ముందే శుభ్రము చేసియుంచిన ఖాళీ స్థలమున వానిని విడిచి, 48 నుండి 72 గంటలకు సరిపడు మేతయు, తొట్లలో నీళ్లును ఉంచి పోవలెనని అక్కడి అగ్నిమాపక శాఖ చెప్పుచున్నది. కరెంటు పోవును గనుక మోటారును నమ్మరాదు. మంట చల్లారిన పిదపను తొందర కూడదు. చెట్ల వేళ్లు కాలిన గుంటలలో పైకి బూడిద, లోపల నిప్పు ఉండును. అందు పాదము మోపిన జంతువు అరికాళ్లు కాలును. అట్టి గాయములకు డేవిస్ నగరములోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పశువైద్యులు, మన చెరువులలో గూడ పెరుగు తిలాపియా చేప చర్మమును శుద్ధిచేసి కట్టుగా కట్టి నయము చేసినారు. 2017 డిసెంబరు నాటి థామస్ ఫైర్‌లో కాళ్లు కాలిన ఎలుగుబంట్లకును, క్యాంప్ ఫైర్‌లో గాయపడిన ఇంటి జంతువులకును ఆ వైద్యము జరిగినది. విజ్ఞానము అంతవరకు పోయినది. కాని మందు ఎంత గొప్పదైనను ముందుచూపునకు సాటిరాదు.

ఇది యంతయు దూరదేశపు మాట యని ఉపాధ్యాయ సోదరులు అనుకొనవచ్చును. ఆ దేశపు కార్చిచ్చు మన ఊళ్లకు లేదు, నిజమే. కాని గడ్డివాము ప్రక్కన పశువులపాక నేటికిని మన పల్లెలలో నున్నది. పట్టణములలో తాళము వేసిన ఫ్లాటులో పగలంతయు ఒంటరిగా నుండు కుక్క యున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు వేలకొలది మనుష్యులతో పాటు లెక్కకందనన్ని పశువులు కొట్టుకొనిపోయినవి. నిప్పైనను నీరైనను గుంజకు కట్టిన పశువునకు భేదము లేదు. కట్టినవాడు రావలెను, వచ్చి విప్పవలెను, విప్పి సురక్షితమైన చోటికి తోలవలెను.

పోతన భాగవతములో గోవులను గోపకులను దావాగ్ని చుట్టుముట్టినపుడు, శ్రీకృష్ణుడు వారిని కన్నులు మూసికొనుడని చెప్పి ఆ మంటను త్రాగివేసెను. మనమును కన్నులు మూసికొనియే యున్నాము. కాని మంటను త్రాగువాడు మనలో లేడు.

కావున పాఠశాలలకు ఒక మనవి. లాస్ ఏంజెలిస్ నగరములోని పియర్స్ కాలేజీ ఆవరణము 2018 నాటి ఊల్సీ ఫైర్ సమయమున గుఱ్ఱములకు ఆశ్రయమైనది. చదువుచెప్పు చోటు ఆపదలో పశువులకు నీడయైనది. మనమంత చేయనక్కరలేదు. వేసవి సెలవులకు ముందు ఒక్క పీరియడు చాలును. ప్రతి విద్యార్థిని కాగితముపై నాలుగు సంగతులు వ్రాయుమనుడు: మీ ఇంట కట్టియున్న, మూసియున్న ప్రాణి ఏది? ఆపద వచ్చిన దానిని ఎవరు విప్పుదురు? ఎచ్చటికి తోలుదురు? వారు ఇంట లేకున్న ఎవరు? మార్కులు వేయనక్కరలేదు. ఇంటికి తీసికొనిపోయి పెద్దలకు చూపుమనుడు. జవాబు వ్రాయలేని ప్రశ్న యెదురైనప్పుడే ఆ ఇంట ఆలోచన మొదలగును.

వచ్చే ఏట ఖాండవ దహనము బోధించునపుడు ఆ పాతప్రశ్న మరల వచ్చును. పిట్టలేమైనవని ఎవరో ఒకరు లేచి అడుగుదురు. జరిత కథ చెప్పుదును. ఆ పిదప నేనును ఒక ప్రశ్న అడుగదలచితిని. అది నాది కాదు, మా నాయనమ్మది. ఆమె అడిగిన నాటినుండి నేటివరకు దానికి నాయొద్ద జవాబు లేదు. ఆ పిల్లలకైనను ఉండవలెనని నా కోరిక.